ముప్పావు మాత్ర

మా పిల్లి చుక్క పడుకుని లేచిన చోట, పాత దుప్పటి మడతలో, ఒక బియ్యపు గింజ కనిపించింది. తీసి పారేద్దామని వేలు చాపేసరికి అది ఒక పక్క సాగి, రెండో పక్క ముడుచుకుంది. కాగితం ముక్క మీదికి ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. కాసేపటికి అది ఎండి, పసుపు తిరిగి, దోసగింజలా చిక్కిపోయింది. ఆ కాగితాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని, చుక్కను మూత ఉన్న బుట్టలో కూర్చోబెట్టి, పశువుల డాక్టరు గారి దగ్గరకు బయలుదేరాను. పిల్లికి నట్టల మందు వేయడమంటే ఒక మాత్ర మింగించడమే అనుకునేదాన్ని. ఆ మాత్ర వెనక ఎంత కొలత, ఎంత లెక్క, ఎంత నేర్పు ఉన్నాయో తర్వాతి మూడు వారాల్లో తెలిసింది.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా పెంచింది. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రం. రైల్వే ఉద్యోగాల వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ మాకు ఊరి బండి. ఇంట్లో తెలుగు, బుధవారి బజార్‌లో హిందీ. కడుపులో పురుగుల్ని హిందీలో ‘కీడే’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మా అత్తయ్యకు మన ‘కీడు’ గుర్తొస్తుంది. ఆవిడ మాత్రం మేకలకూ గొర్రెలకూ వాడే పాత మాటే వాడుతుంది: నట్టలు.

డాక్టరు గారు అగ్గిపెట్టె తెరిచి, ఎండిన ఆ గింజను గాజు పలక మీద నీటి చుక్కలో నానబెట్టారు. కొంతసేపటికి అది ఉబ్బి మళ్లీ రూపానికి వచ్చింది. అప్పుడు భూతద్దంలో దాని అంచులు చూపించారు. రెండు పక్కలా ఒక్కొక్క సన్నని రంధ్రం ఉంది. ఆ గింజ బద్దె పురుగు ముక్క. అది ఏ రకమో చెప్పే గుర్తు ఆ రంధ్రాలే. ఎలుకల నుంచి పిల్లికి వచ్చే బద్దె పురుగు ముక్కకు రంధ్రం ఒక పక్కనే ఉంటుంది. రెండు పక్కలా ఉందంటే అది డిపైలిడియం, ఫ్లీల ద్వారా వచ్చే బద్దె పురుగు. ఫ్లీ అంటే పిల్లి బొచ్చులో పరుగెత్తే, పట్టుకోబోతే గెంతే, గోధుమరంగు నలుసంత పురుగు. గాజు పలక మీద ఆ ముక్కను ఇంకో పలకతో మెల్లగా నొక్కితే లోపలి నుంచి గుడ్ల మూటలు జారాయి. గుడ్లు విడివిడిగా లేవు. ఒక్కో పల్చటి సంచిలో ఇరవై దాకా, గుత్తి కట్టినట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

ఆ అమరికకు కారణం ఉంది. పెద్ద ఫ్లీ నోరు సూదిలాంటి గొట్టం. అది రక్తం పీల్చగలదు కానీ గుడ్డును కొరకలేదు. దుప్పటి మడతల్లో, నేల పగుళ్లలో బతికే పిల్ల ఫ్లీకి మాత్రం నమిలే నోరు ఉంటుంది. బద్దె పురుగు ముక్క పిల్లి ఒంటి నుంచి జారి, ఎండి, చిట్లి, తన గుడ్ల మూటల్ని సరిగ్గా ఆ పిల్ల ఫ్లీ మేసే చోటే వదులుతుంది. పిల్ల ఫ్లీ గుడ్డును మింగుతుంది, గూడు కట్టుకుంటుంది, రెక్కల్లేని పెద్ద ఫ్లీగా బయటికొస్తుంది. లోపలి పురుగు కూడా దానితోపాటే ఎదుగుతూ వస్తుంది. ఆ ఫ్లీ పిల్లి మీదికి గెంతి కుడుతుంది, పిల్లికి దురద పుడుతుంది, ఒళ్లు నాకుతుంది, ఫ్లీ నోట్లోకి పోతుంది.

ఇక్కడ పిల్లి నాలుక సంగతి చెప్పాలి. చుక్క నా చెయ్యి నాకితే గరుకు కాగితంతో రుద్దినట్టుంటుంది. ఆ గరుకుతనం వందల కొద్దీ చిన్న ముళ్లది, అన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. ఒక్కో ముల్లు కొస చెంచాలా బోలుగా ఉండి, లాలాజలాన్ని బొచ్చు అడుగుదాకా చేరుస్తుందని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. పిల్లిని అంత శుభ్రంగా ఉంచే పనిముట్టు అదే. ముళ్లు వెనక్కి వంగి ఉండటం వల్ల ఒకసారి చిక్కినదాన్ని ఉమ్మడం కష్టం, మింగడమే దారి. పురుగు ఎన్నుకున్న దారి కూడా అదే. పిల్లి కడుపులోకి చేరిన మూడు వారాలకు అది మళ్లీ ముక్కలు విడిచే స్థితికి వస్తుంది.

మర్నాడు పొద్దున తాజా మలం తెమ్మన్నారు. బద్దె పురుగు కళ్లకు కనిపించింది కనుక సరిపోయింది, కనిపించని వాటి సంగతి చూడాలి కదా. ఆ పరీక్షలో ఖరీదైన సామాను ఏదీ లేదు. గిన్నెలో నీళ్లు పోసి, ఇక కరగనంత ఉప్పు కలుపుతారు. ఆ ఉప్పునీరు మామూలు నీటికంటే దాదాపు 1.2 రెట్లు బరువు. పురుగుల గుడ్లు నీటికంటే బరువు, ఈ ఉప్పునీటికంటే తేలిక. అందుకని ఉత్త నీటిలో మునిగిపోయే గుడ్లు ఇందులో పైకి తేలతాయి. రెండు మూడు గ్రాముల మలాన్ని ఉప్పునీటిలో నలిపి, టీ వడకట్టే జాలీలో వడపోసి, గాజు గొట్టంలో అంచుదాకా పోశారు. ఆఖరున చుక్కలు చుక్కలుగా వేస్తే నీరు అంచు మీద ఉబ్బి నిలబడింది. ఆ ఉబ్బు మీద సన్నని గాజు బిళ్లను గాలిబుడగ చిక్కకుండా ఆనించారు. పది పదిహేను నిమిషాలు ఆగి, బిళ్లను పక్కకు జరపకుండా నిట్టనిలువునా ఎత్తారు. పైకి తేలినవన్నీ దాని అడుగున ఒకే చుక్కలో అంటుకుని వచ్చాయి.

మైక్రోస్కోప్ కింద నన్ను చూడమన్నారు. ఉప్పు పలుకుల మధ్య ఒక గుండ్రని గోధుమరంగు గుడ్డు. దళసరి పెంకు, దాని నిండా దర్జీ వేలితొడుగు మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు. అది పిల్లి ఏలికపాము గుడ్డు. అడ్డుకొలత, మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో ఏడు. పద్నాలుగు గుడ్లు వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఆ పెంకు అందానికి కాదు. దాని బలంతోనే గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫినాయిలు పోసినా లోపలికి దిగదు. పైగా ఫినాయిలే పిల్లికి విషం. ఈ గుడ్డుకు మరిగే నీళ్లే మందు.

అయితే అంత గట్టి గుడ్డుకు కూడా ఒక బలహీనత ఉంది. మలంతో బయటపడిన రోజున అది ఎవరికీ హాని చేయలేదు. లోపల పిల్లపురుగు తయారు కావాలి. అందుకు వాతావరణాన్ని బట్టి రెండు వారాలో ఇంకా ఎక్కువో పడుతుంది. ఈ ఒక్క సంగతి మీదే పిల్లుల పెంపకంలో సగం శుభ్రత ఆధారపడి ఉంది. తర్వాత చెబుతాను.

గాజు బిళ్ల మీద కొంకి పురుగు గుడ్లు కనిపించలేదు. ఉంటే అవి కోలగా, పల్చటి పెంకుతో, లోపల కొన్ని కణాలు మాత్రమే ఉండి, వేరుగా కనిపిస్తాయట. కొంకి పురుగు సెంటీమీటరు పొడవు. తల వెనక్కి వంగి కొంకిలా ఉంటుంది కనుక ఆ పేరు. పిల్లి పేగు గోడను పళ్లతో పట్టుకుని రక్తం తాగుతుంది. దాని పిల్లలు తడి మట్టిలో గుడ్డు పగిలి బయటికొచ్చి, వారం తిరిగేసరికి పిల్లి పాదాల చర్మంలోంచే లోపలికి దూరగలవు. అందుకే డాక్టరు గారు చుక్క పై పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉన్నాయి. పాలిపోయి ఉంటే, అందులోనూ చిన్న కూనలో పాలిపోయి ఉంటే, ఒక్క రోజు కూడా ఆగకూడదన్నారు.

ఇక మందు. ముందు తూకం. పిల్లి త్రాసు మీద నిలబడదు కనుక నేను చుక్కను ఎత్తుకుని నిలబడ్డాను, తర్వాత దాన్ని దించి మళ్లీ నిలబడ్డాను. తేడా సరిగ్గా 3 కిలోలు. డాక్టరు గారు ఇచ్చిన మాత్రలో రెండు మందులు ఉన్నాయి: ప్రాజిక్వాంటెల్ 20 మిల్లీగ్రాములు, పైరాంటెల్ ఎంబోనేట్ 230 మిల్లీగ్రాములు. 4 కిలోల పిల్లికి ఒక మాత్ర. అంటే కిలోకు 5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్, 57.5 మిల్లీగ్రాముల పైరాంటెల్ ఎంబోనేట్. చుక్కకు ముప్పావు. మాత్ర మధ్యలో గాడి ఉంటుంది. దాన్ని బ్లేడుతో సగం చేసి, ఒక సగాన్ని మళ్లీ సగం చేసి, ఆ పావు తీసి పక్కన పెట్టారు. అన్ని మాత్రల్లో మోతాదు ఇంతే ఉండదు, అందుకని అట్ట మీది అంకె చదవకుండా మాత్ర విరవకూడదని రెండుసార్లు చెప్పారు.

రెండు మందులు ఎందుకంటే రెండు పురుగుల ఒంటి తీరు వేరు. ఏలికపాముకు కండరాలున్నాయి, నరాలున్నాయి, నోరుంది. పేగులో అది దేన్నీ పట్టుకుని ఉండదు. ఆహారం ప్రవాహానికి ఎదురీదుతూ, ఒంటిని మెలితిప్పుతూ నిలబడుతుంది. పైరాంటెల్ దాని నరానికీ కండరానికీ మధ్య ఉన్న తలుపును తెరిచి, అలాగే పట్టి ఉంచుతుంది. కండరం బిగిసిపోతుంది. ఈదలేని పురుగు పేగు కదలికతో బయటికి కొట్టుకుపోతుంది. ఈ మందులో నాకు నచ్చిన నేర్పు ఇంకొకటి. పైరాంటెల్‌ను ఎంబోనేట్ అనే లవణంగా చేస్తే అది నీటిలో కరగదన్నంత తక్కువగా కరుగుతుంది. కరగదు కనుక పిల్లి రక్తంలోకి పెద్దగా చేరదు. పురుగు ఎక్కడుందో ఆ పేగులోనే ఉండి, పని చేసి, దాంతోపాటే వెళ్లిపోతుంది.

బద్దె పురుగుకు నోరే లేదు. పేగు గోడకు తలతో అంటుకుని, పిల్లి అరిగించుకున్న ఆహారాన్ని ఒంటి చర్మంతోనే పీల్చుకుంటుంది. కనుక ప్రాజిక్వాంటెల్ దెబ్బ ఆ చర్మం మీదే. 1970లలో జర్మనీలో తయారైన మందు ఇది. పురుగు కణాల్లోకి కాల్షియం ఒక్కసారిగా వచ్చిపడేలా చేస్తుంది. క్షణాల్లో పురుగు ముడుచుకుపోతుంది, చర్మం బొబ్బలెక్కి చిరుగుతుంది. ఆ చర్మం ఉన్నంతసేపు పిల్లి జీర్ణరసాల నుంచి దాన్ని కాపాడింది. చిరిగాక అదే రసాలు పురుగును అన్నం మెతుకులా అరిగించేస్తాయి. అందుకే మందు వేశాక ఏలికపాములు మలంలో దారాల్లా కనిపించవచ్చు కానీ బద్దె పురుగు సాధారణంగా కనిపించదు. కనిపించలేదని రెండో మాత్ర వేయకూడదు.

మింగించడం ఒక విద్య. డాక్టరు గారు చుక్కను బల్ల మీద, వీపు తన వైపు ఉండేలా కూర్చోబెట్టారు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు దవడ ఎముకల మూలల్లో ఆనించి, తలను పై నుంచి పట్టుకుని, ముక్కు కప్పు వైపు చూసేదాకా ఎత్తారు. ఆ కోణంలో కింది దవడ దానంతట అదే కాస్త వదులవుతుంది. కుడిచేతి మధ్యవేలితో ముందరి చిన్న పళ్ల మీద తాకి నోరు తెరిచి, మాత్రను నాలుక మధ్యలో కాకుండా దాని మొదలులో, గొంతు దగ్గర వదిలారు. ప్రాజిక్వాంటెల్ చేదు. నాలుక మీద నలిగితే పిల్లి నురగ కక్కుతుంది. వెంటనే నోరు మూసి, గొంతు నిమిరి, సూది లేని సిరంజితో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు చెంప సందులోంచి మెల్లగా పోశారు. పిల్లి అన్నవాహికలో పొడి మాత్ర అతుక్కుపోయి పుండు చేసే ప్రమాదం ఉంది, ఆ నీళ్లు అందుకు. చుక్క నాలుక బయటపెట్టి ముక్కు నాక్కుంది. మింగిందనడానికి అదే గుర్తు. అంతా కలిపి పది సెకన్లు పట్టలేదు, ఆ చేతుల్లో ఒక్క చోటా బలప్రయోగం లేదు.

తర్వాత మెడ వెనక, నాలుక అందని చోట, బొచ్చు విడదీసి చర్మం మీద సెలామెక్టిన్ చుక్కలు వేశారు. అది ఫ్లీల కోసం. ఏలికపాముల మీద, కొంకి పురుగుల మీద కూడా పనిచేస్తుంది. జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందుల కుటుంబం అది. ఆ ఆవిష్కరణకే 2015లో సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్లీలను వదిలేసి మాత్ర ఒక్కటే వేస్తే మూడు వారాల్లో బియ్యపు గింజ మళ్లీ దుప్పటి మీద ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కుక్కలకు వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయానికి దాన్ని విడగొట్టి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. వణుకు, మూర్ఛ, మరణం దాకా పోవచ్చు. వెల్లుల్లి పెడితే నట్టలు పడిపోతాయని చెప్పేవాళ్లు మా వరుసలోనే ఉన్నారు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, పురుగుల్ని కాదు.

పక్క క్వార్టర్ పిన్నిగారి పిల్లి అప్పుడే నాలుగు కూనలు పెట్టింది. వాటికి ఎప్పుడు వేయాలని అడిగాను. మూడో వారం నుంచి అన్నారు. కళ్లు తెరిచి తప్పటడుగులు వేసే వయసుకే ఎందుకు? పిల్లి ఏలికపాము గర్భంలో ఉండగా పిల్లలకు చేరదు. అది కుక్కల ఏలికపాము పద్ధతి. పిల్లుల్లో దారి తల్లిపాలు. పాలతో దిగిన పిల్లపురుగులు కొన్నాళ్లు కడుపు గోడల్లో పెరిగి, తర్వాత పేగులోకి వస్తాయి. పేగులో ఉన్నవాటినే మందు పట్టుకోగలదు. ఇవాళ గోడలో దాక్కున్నవి రెండు వారాల తర్వాత పేగులో దొరుకుతాయి. అందుకే రెండు వారాలకొకసారి, పాలు మానిన రెండు వారాల దాకా. ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకొకసారి. పాలిచ్చే తల్లికి కూడా కూనలతోపాటే వేయాలి. అంత చిన్నవాటికి ఈ మాత్ర కాదు, డాక్టరు చెప్పిన మోతాదులో సిరప్.

పెద్ద పిల్లికి ఏడాదికి కనీసం నాలుగుసార్లు. చుక్కలా గోడలెక్కి ఎలుకలు పట్టే పిల్లి, పైగా పసిపిల్లలున్న ఇల్లు అయితే నెలకొకసారి వేయడం మేలని ఐరోపా నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. కారణం మళ్లీ ఒక కొలతే. గుడ్డు మింగిన పిల్లిలో ఏలికపాము ఎదిగి తానే గుడ్లు పెట్టడానికి దాదాపు ఎనిమిది వారాలు పడుతుంది. నెలకొక మందు పడితే ఏలికపాముకు గుడ్డు పెట్టే వయసు దాదాపు రాదు. ఆ గుడ్డు మట్టి చేతులతో పిల్లల నోట్లోకి వెళ్తే పిల్లపురుగు వాళ్ల ఒంట్లో దారి తప్పి కాలేయంలోనో కంటిలోనో తిరగగలదు. మన బడుల్లో 2015 నుంచి నులిపురుగుల నివారణ దినాన పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర మనుషుల పురుగుల కోసం. పిల్లి పురుగుల్ని పిల్లి దగ్గరే ఆపాలి.

మందు రోజులు ఏడాదిలో కొన్నే. మిగతా రోజుల పని నాది. పట్టాల మీద కీమ్యాన్ రోజూ సుత్తి భుజాన వేసుకుని తన మైళ్లు నడుస్తాడు, పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే కొట్టి బిగిస్తాడు. నిన్న బాగుంది కదా అని ఇవాళ మానడు. ఇసుక ట్రే పని కూడా అలాంటిదే. అర్పా నది ఇసుక పోసిన చుక్క ట్రేను రోజూ పొద్దున ఖాళీ చేస్తున్నాను. ఏలికపాము గుడ్డుకు రెండు వారాలు కావాలి, కొంకి పురుగు పిల్లకు వారం కావాలి. నేను వాటికి ఒక్క రోజే ఇస్తున్నాను. వారానికొకసారి ట్రేలో మరిగే నీళ్లు, తర్వాత ఎండ. దుప్పటి వేడినీళ్లలో ఉతుకు. మంచం కింద, గోడ మూలల్లో చీపురు, ఎందుకంటే ఫ్లీ గుడ్లు పిల్లి మీద నిలవవు, అది పడుకున్న చోటల్లా రాలతాయి. బియ్యం డబ్బాకు గట్టి మూత, ఎలుకలు తగ్గితే రెండో రకం బద్దె పురుగు దారి కూడా మూసుకుంటుంది. చేపల తలలూ మాంసం ముక్కలూ ఉడికించే పెడుతున్నాను. ట్రే ముట్టిన చేతులకు సబ్బు.

మూడు వారాల తర్వాత చుక్కను మళ్లీ తీసుకెళ్లాను. మళ్లీ ఉప్పునీరు, మళ్లీ ఉబ్బిన నీటి మీద గాజు బిళ్ల, మళ్లీ పావుగంట. డాక్టరు గారు బిళ్లను ఒక అంచు నుంచి మొదలుపెట్టి, పొలం దున్నినట్టు వరుస వరుసగా జరుపుతూ ఆ చివరిదాకా చూసి, కుర్చీ నాకిచ్చారు. ఉప్పు పలుకులు, రెండు బొచ్చు ముక్కలు, ఒక గాలిబుడగ. గుంటల పెంకు ఎక్కడా లేదు. బద్దె పురుగు గుడ్లు ఈ పరీక్షలో తరచూ తప్పించుకుంటాయి కనుక ఇంటికెళ్లి దుప్పటి కూడా చూడమన్నారు. మడతలన్నీ విప్పి కిటికీ దగ్గర పరిచి చూశాను. బొచ్చు తప్ప ఏమీ లేదు. వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో, ఏకాదశి గుర్తు పక్కనే, వచ్చే మందు తారీఖు చుట్టూ అత్తయ్య పెన్సిలుతో సున్నా చుట్టి ‘చుక్కకు నట్టలు’ అని రాసింది.